ఊరి మురుగు ఎక్కడ ఆగుతుంది? మురుగు కుంటల గురించి మన పల్లెలు తెలుసుకోవలసినవి

1985 జులై 16న కారంచేడు మాదిగపల్లె చెరువు దగ్గర మొదలైన గొడవ నీళ్ళ గురించి. పల్లె జనం తాగే చెరువులోకి పశువుల మురికినీళ్ళు పోనివ్వొద్దని ఒక యువకుడు అడ్డుచెప్పాడు. అతని మీదికి వచ్చినవాళ్ళకు ఎదురుగా, నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి నిలబడింది. మర్నాడు, జులై 17 పొద్దున, కమ్మ భూస్వాముల గుంపు పల్లె మీద పడి ఆరుగురు మాదిగలను చంపింది. బతికినవాళ్ళు చీరాల చేరారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది.

ఈ చరిత్ర మన పాఠకులకు తెలిసిందే. హత్యల గురించి, కేసు గురించి, ఉద్యమం గురించి చాలా రాశాం, చాలా చదివాం. గొడవకు మొదలైన ఆ మురికి గురించి మాత్రం తక్కువ మాట్లాడుకున్నాం. తాగే నీళ్ళలో మురికి కలిస్తే ఆ నీటికి ఏమవుతుంది? కలిసినదాన్ని తీయడం సాధ్యమేనా? ఎంత కష్టం?

ఇప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోవడానికి కారణం ఉంది. స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశ 2020లో మొదలైనప్పటి నుంచి ఊరి మురుగునీటిని శుద్ధి చేసే పనులు పంచాయతీల బాధ్యతల్లో చేరాయి. కుంటలు తవ్వాలి, కాలువలు మళ్ళించాలి, స్థలం చూడాలి. స్థలం అనగానే ఊరి పెద్దల చూపు ఎటు తిరుగుతుందో మనకు తెలుసు. గ్రామసభలో ఇంజనీరు నాలుగు సాంకేతిక మాటలు చెప్పగానే మనవాళ్ళు నోరు మెదపలేకపోతున్నారు. ఆ మాటల అర్థం విప్పి చెప్పడానికే ఈ వ్యాసం.

యూరియా బస్తాలో ఉన్నదే మురుగులోనూ ఉంది

నత్రజని, భాస్వరం అనేవి మిరప రైతుకు, పత్తి కూలీకి కొత్త మాటలు కావు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. డీఏపీలో నత్రజనీ భాస్వరమూ రెండూ ఉంటాయి. పైరు ఎదగడానికి కావలసిన ఈ రెండే మనిషి మలమూత్రాల్లో, పశువుల పేడలో, గిన్నెలు కడిగిన నీళ్ళలో కూడా ఉంటాయి. మురుగులోని నత్రజనిలో ఎక్కువ భాగం మూత్రం నుంచే వస్తుంది.

మన దేశపు తిండిని బట్టి వేసిన అంచనా ప్రకారం ఒక మనిషి విసర్జించే నత్రజని ఏడాదికి రెండున్నర నుంచి మూడు కిలోల మధ్య ఉంటుంది. వెయ్యి మంది ఉన్న చోట అది 120 నుంచి 140 యూరియా బస్తాలకు సమానం. పొలంలో పడితే అది ఎరువు. చెరువులో పడితే అది చెరువుకే ఎరువవుతుంది.

చెరువుకు ఎరువు పడితే నాచు పెరుగుతుంది, గుర్రపుడెక్క అల్లుకుంటుంది. నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది కానీ రాత్రి అదే ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. చచ్చి కుళ్ళేటప్పుడు ఇంకా ఎక్కువ లాగేస్తుంది. తెల్లారేసరికి చేపలు తేలడం, నీళ్ళు కంపు కొట్టడం అందువల్లే.

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఇది మరింత పెద్ద సమస్య. ఇక్కడ ఎన్నో ఊళ్ళు నాగార్జునసాగర్ కాలువ నీళ్ళతో నింపుకునే మంచినీళ్ళ చెరువుల మీద బతుకుతున్నాయి. కాలువ వచ్చినప్పుడు నింపుకుని, కట్టేశాక నెలల తరబడి ఆ నిల్వ నీళ్ళే వాడుకోవాలి. ఎండలో నిలిచే నీటిలో కొద్దిపాటి నత్రజని, భాస్వరం చేరినా నాచు దట్టంగా వస్తుంది. అది ఇసుక ఫిల్టర్లను మూసేస్తుంది.

ఇంకో రెండు సంగతులు ప్రతి ఇంటికీ తెలియాలి. మొదటిది, మురుగు కలిసిన నీటిలోని అమ్మోనియా క్లోరిన్‌ను తినేస్తుంది. ఒక పాలు అమ్మోనియా నత్రజని ఎనిమిది నుంచి పది పాళ్ళ క్లోరిన్‌ను ఖర్చు చేస్తుంది. అందుకే బ్లీచింగ్ పౌడర్ మామూలు కొలతలో వేసినా కొన్ని చెరువుల నీళ్ళలో క్రిములు చావవు. రెండోది, అమ్మోనియా మారి ఏర్పడే నైట్రేటు కాచినా పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం. అంతకు మించిన నీళ్ళతో పాలపొడి కలిపి పట్టిస్తే నెలల పిల్లల రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ఒళ్ళు నీలం తిరగవచ్చు.

ఇక్కడ మహద్‌ను గుర్తు చేసుకోవాలి. 1927 మార్చి 20న అంబేద్కర్ నాయకత్వంలో దళితులు చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ తర్వాత అగ్రకులాలవాళ్ళు చెరువును 'శుద్ధి' చేశామంటూ 108 కుండల ఆవు పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు అందులో పోయించారు. నీటి శాస్త్రం లెక్కలో అవన్నీ నత్రజని, భాస్వరం, కుళ్ళే పదార్థం. దళితుల చేతులు తాకినందుకు చెరువును నిజంగా మురికి చేసినవాళ్ళు శుద్ధి చేశామని చెప్పుకున్నారు. నీటి విషయంలో శుద్ధి, మైల అన్న మాటలు ఎవరు వాడుతున్నారో ప్రతిసారీ చూసుకోవాలి.

మూడు కుంటల లెక్క

మురుగును శుద్ధి చేయడానికి పెద్ద యంత్రాలే అక్కర్లేదు. వరసగా మూడు కుంటలు, వాటిలో సూక్ష్మజీవులు, పైన ఎండ ఉంటే చాలు. వీటిని స్థిరీకరణ కుంటలంటారు.

మొదటి కుంట లోతుగా, మూడు నాలుగు మీటర్లు ఉంటుంది. అందులో గాలి అందదు. బరువైన మలినం అడుగున పేరుకుని కుళ్ళుతుంది. రెండోది ఒకటిన్నర మీటర్ల లోతు ఉంటుంది. పైపొరలో నాచు పెరిగి ఆక్సిజన్ ఇస్తుంది, ఆ ఆక్సిజన్‌తో బాక్టీరియా మిగిలిన మలినాన్ని తింటుంది. మూడోది మీటరు లోతు. ఎండ అడుగుదాకా దిగి రోగక్రిములను చంపుతుంది.

నత్రజని మూడు దారుల్లో తగ్గుతుంది. కొంత నాచు ఒంట్లోకి పోతుంది. నాచు పెరిగి నీటి క్షారగుణం పెరిగినప్పుడు కొంత అమ్మోనియా వాయువుగా ఎగిరిపోతుంది. మిగిలినదాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రేటుగా మారిస్తే, గాలి అందని చోట ఇంకో రకం బాక్టీరియా ఆ నైట్రేటును మామూలు నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది.

భాస్వరానికి ఈ సౌకర్యం లేదు, అది గాలిలోకి పోదు. అడుగున పేరుకోవాలి, లేదా మొక్కల్లోకి చేరి ఆ మొక్కలను కోసి బయటికి తీయాలి, లేదా పటిక వేసి దించాలి. గుర్రపుడెక్క మురుగును శుభ్రం చేస్తుందని కొందరు చెప్తారు. కోసి తీసేస్తేనే చేస్తుంది. వదిలేస్తే కుళ్ళి తాగినదంతా మళ్ళీ నీళ్ళలోకే కక్కుతుంది, పైగా దోమలకు ఇల్లవుతుంది.

చలి దేశాల తిప్పలు

విద్యార్థులు ఈ విషయం చదవబోతే దొరికే సమాచారంలో చాలాభాగం కెనడా, ఉత్తర అమెరికా వంటి చలి ప్రాంతాలది. అక్కడ చిన్న ఊళ్ళు ఎన్నో ఇలాంటి కుంటల మీదే ఆధారపడ్డాయి. వాళ్ళ సమస్య చలి. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగితే బాగా మందగిస్తుంది, 5 డిగ్రీల కింద దాదాపు పని మానేస్తుంది. కుంట మీద మంచు గడ్డకడితే ఎండా గాలీ రెండూ అందవు. అందుకే కెనడా మైదానాల్లో చలికాలమంతా మురుగును కుంటల్లోనే నిలవబెట్టి, మంచు కరిగాక వదిలేవారు.

నియమాలు బిగిసేకొద్దీ పాత కుంటలను మెరుగుపరచవలసి వచ్చింది. 2012లో కెనడా తెచ్చిన మురుగునీటి నిబంధనలు చేపలను చంపే రకం అమ్మోనియాకు లీటరుకు 1.25 మిల్లీగ్రాముల పరిమితి పెట్టాయి. భాస్వరం చేరి విన్నిపెగ్ సరస్సు పచ్చని నాచుతో నిండిపోవడంతో మానిటోబా రాష్ట్రం దానికీ లీటరుకు ఒక మిల్లీగ్రాము హద్దు గీసింది. అప్పుడు ఇంజనీర్లు కుంట చివర గులకరాళ్ళ పడక పరిచి, అడుగు నుంచి గాలి ఊది, వేడి పోకుండా పైన చెక్కపొట్టు వంటిది కప్పారు. రాళ్ళను అంటిపెట్టుకుని పెరిగే బాక్టీరియా దాదాపు గడ్డకట్టే చలిలోనూ అమ్మోనియాను మారుస్తుంది. భాస్వరానికి పటిక వేశారు.

అదే మానిటోబా రాజధాని విన్నిపెగ్ కథలో ఇంకో పాఠం ఉంది. ఆ నగరం 1919 నుంచి షోల్ సరస్సు నీళ్ళు తాగుతోంది. ఆ నీటిని తరలించే పనుల వల్ల సరస్సు ఒడ్డున ఉన్న ఆదివాసులు, షోల్ లేక్ 40 ప్రజలు, దారి తెగి ఒక దీవిలో చిక్కుకుపోయారు. నగరానికి తమ సరస్సు నీళ్ళు ఇచ్చిన ఆ జనం 1997 నుంచి 2021 దాకా నీళ్ళు కాచుకునే తాగవలసి వచ్చింది. సాంకేతికత లేకపోవడం దానికి కారణం కాదు. మురుగు కుంటలను మంచులో కూడా పనిచేయించగల ఇంజనీర్లు ఉన్న దేశమది. శుద్ధి కేంద్రం కట్టడానికి పాతికేళ్ళు పట్టింది, అంతే.

మనకు ఎండ ఉంది

గుంటూరులో చలి అంటే మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీలలోనే. డిసెంబరు, జనవరి రాత్రుళ్ళలో కూడా ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి పోవడం అరుదు. చలి దేశాలు కోట్లు ఖర్చు పెట్టి కొనుక్కునే వెచ్చదనం మనకు ఊరికే వస్తోంది.

ఇది ఎంత పెద్ద విషయమో ఒక లెక్కలో చెప్పవచ్చు. ప్రపంచమంతా వాడే డిజైన్ సూత్రం ప్రకారం రెండో రకం కుంట హెక్టారుకు రోజుకు మోయగల మలినం 10 డిగ్రీల వద్ద 100 కిలోలు, 25 డిగ్రీల వద్ద 350 కిలోలు. అంటే అదే ఊరికి చలి దేశంలో మూడున్నర ఎకరాలు కావలసిన చోట మనకు ఎకరం చాలు. నైట్రేటు బాక్టీరియా ఇక్కడ ఏడాది పొడవునా మెలకువగానే ఉంటుంది. గులకరాళ్ళ పడక వేసినా దానికి దుప్పటి కప్పనక్కర్లేదు. రెల్లు, మెట్టతామర వంటి మొక్కలు నాటితే పన్నెండు నెలలూ పెరుగుతాయి, కోస్తూ పోవచ్చు. కుంటలో అడ్డుగోడలు కట్టి నీటిని మెలికలు తిప్పితే, అదే కుంట ఇంకా బాగా పనిచేస్తుంది.

కాబట్టి పల్లె పక్కన శుద్ధి కాని మురుగు నిలిచి ఉంటే, 'ఇది సాంకేతికంగా కష్టం' అన్న మాట చెల్లదు. మిగిలేవి రెండు విషయాలు: స్థలం ఎవరిది, పారుదల ఎటు. చాలా ఊళ్ళలో మాలపల్లె, మాదిగపల్లె పల్లపు దిక్కున ఉంటాయి. ఊరి కాలువ అటే దిగుతుంది, పల్లె అంచున ఆగిపోతుంది. 'నీరు పల్లమెరుగు' అని మనకే సామెత చెప్తారు. ఆ పల్లంలో మనల్ని ఎవరు ఉంచారో మాత్రం చెప్పరు.

నేల సంగతి కూడా చూడాలి. నల్లరేగడిలో నీళ్ళు త్వరగా ఇంకవు, కాబట్టి ఇంటింటికీ ఇంకుడు గుంత అనే పరిష్కారం అక్కడ వానాకాలం రాగానే పొంగిపోతుంది. అదే రేగడి తడిగా ఉన్నంతకాలం కుంటకు మంచి అడుగు, ఎండి బీటలు వారితే మాత్రం కారిపోతుంది. ప్రకాశం మెట్ట ప్రాంతాల ఎర్రనేలల్లో, రాతి నేలల్లో పరిస్థితి వేరు. అక్కడ అడుగున బంకమట్టితోనో షీటుతోనో గట్టి పొర వేయకపోతే నైట్రేటు నేరుగా బోరు నీళ్ళలోకి దిగుతుంది. ఫ్లోరైడుతో ఇప్పటికే బాధపడే కనిగిరి వంటి ప్రాంతాల్లో ఇది రెండో దెబ్బ.

మురుగూ మంచినీళ్ళూ కలిస్తే ఏమవుతుందో పట్టణం కూడా చూసింది. 2018 మార్చిలో గుంటూరు నగరంలో తాగునీటి పైపుల్లో మురుగు కలిసి అతిసారం ప్రబలింది, ప్రాణాలు పోయాయి.

అన్నిచోట్లా తీయాలా?

నత్రజని, భాస్వరం తీసే ఖర్చు ఎప్పుడు పెట్టాలి అన్నది నీళ్ళు చివరికి ఎక్కడికి పోతాయన్న దాన్ని బట్టి ఉంటుంది. శుద్ధి అయిన నీళ్ళు పత్తి చేనుకో, పశుగ్రాసానికో పోతే క్రిములు చస్తే చాలు. నత్రజని ఉండనివ్వవచ్చు, యూరియా ఖర్చు కొంత కలిసొస్తుంది. మిరపకు మాత్రం జాగ్రత్త కావాలి, అది తిండిలోకి పోయే పంట. అదే నీళ్ళు మంచినీళ్ళ చెరువులోకో, చేపలున్న కుంటలోకో చేరే అవకాశం ఉంటే, రెంటినీ తీయక తప్పదు.

ఇక్కడ ఇంకో హక్కు ఉంది. ఎరువు కలిసిన నీళ్ళు ఆస్తి. కుంటను పల్లె పక్కన పెట్టి, కంపును మనకిచ్చి, నీళ్ళను పెద్ద రైతు చేలకు పారించే ఏర్పాటును ఒప్పుకోకూడదు. పల్లెలోని కౌలు రైతులకు, అసైన్డ్ భూములకు ఆ నీటిలో వాటా ముందే రాయించుకోవాలి.

నియమం ఎక్కడ సడలింది

2015లో కేంద్రం మురుగుశుద్ధి కేంద్రాలకు తయారు చేసిన ముసాయిదా ప్రమాణాల్లో మొత్తం నత్రజనికి లీటరుకు 10 మిల్లీగ్రాముల పరిమితి ఉంది. 2017 అక్టోబరులో తుది ప్రకటన వచ్చేసరికి నత్రజనీ లేదు, భాస్వరమూ లేదు. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ సడలింపును తప్పుపట్టింది. మొత్తం నత్రజని 10, చెరువుల్లోకి వదిలే నీటిలో భాస్వరం 1 మిల్లీగ్రాము దాటకూడదంది. ఇవి ప్రధానంగా శుద్ధి కేంద్రాలకు సంబంధించిన ప్రమాణాలు. అయినా మన ఊరి చెరువులోకి వచ్చే నీళ్ళ గురించి అడిగేటప్పుడు ఈ అంకెలు చేతిలో ఉండాలి.

చట్టం కూడా చేతిలో ఉంది. కారంచేడు తర్వాత నాలుగేళ్ళకు, 1989లో, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఎస్సీ, ఎస్టీలు మామూలుగా వాడుకునే నీటి వనరును పాడుచేసి వాడకానికి తగ్గించడం ఆ చట్టం కింద నేరం. 2015 సవరణ తర్వాత అది సెక్షన్ 3(1)(ఎక్స్). ఊరి మురుగును మళ్ళించడం దీని కిందికి వస్తుందని ఏ కేసుకా కేసులో వాదించి నిరూపించాలి. ఆ వాదనకు మొదటి ఆధారం నీటి పరీక్ష నివేదిక. గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలల్లో ప్రజలు కూడా నీళ్ళు పరీక్ష చేయించుకోవచ్చు. అమ్మోనియా, నైట్రేటు, మల కోలిఫాం మూడూ అడగండి. కాలువ కలిసే చోటుకు పైన ఒక సీసా, కింద ఒక సీసా పట్టండి. తేడాయే సాక్ష్యం.

పూడిక ఎవరు తీస్తారు

ఇంజనీర్ల నివేదికల్లో 'నిర్వహణ' అని ఒక్క మాటలో దాటేసే పని ఉంది. మొదటి కుంట అడుగున పేరుకున్న బురదను రెండు మూడేళ్ళకు ఒకసారి తీయాలి. ఆ బురదలో హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి విషవాయువులు ఉంటాయి. దిగేది ఎవరు? ఇన్నాళ్ళూ ఎవరు దిగారో వాళ్ళే దిగుతారన్న ధీమా మీద ఇలాంటి కట్టడాలు కట్టేస్తారు.

2013 చట్టం చేతులతో మలం ఎత్తించడాన్ని, రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లో, మురుగు కాలువల్లో మనుషులను దించడాన్ని నిషేధించింది. మురుగులో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. చావుకు వెల పెరగడం మనం కోరుకునేది కాదు. యంత్రం దిగడానికి ర్యాంపు, నీళ్ళు మళ్ళించడానికి పక్కన రెండో కుంట, బురద ఆరబెట్టే మడి, ఈ మూడూ డిజైన్‌లోనే ఉంటే మనిషి దిగవలసిన పని పడదు. గీత గీసే రోజునే అడగాలి. కట్టాక అడిగితే డబ్బు లేదంటారు.

గ్రామసభలో అడగండి

డబ్బు గురించి ఒక్క మాట. స్వచ్ఛ భారత్ రెండో దశ మార్గదర్శకాలు మురుగునీటి పనులకు 5000 జనాభా వరకు ఉన్న ఊళ్ళకు తలకు 280 రూపాయల చొప్పున, అంతకు మించిన ఊళ్ళకు 660 చొప్పున పెట్టాయి. ఆ తలల లెక్కలో పల్లె జనం కూడా ఉన్నారు. 4000 మంది ఉన్న ఊళ్ళో పల్లెలో 1500 మంది ఉంటే, 11 లక్షల 20 వేలలో 4 లక్షల 20 వేలు మన లెక్కన వచ్చినవే. ఇది ఎవరి దయా కాదు.

అందుకే తీర్మానం మీద వేలిముద్ర వేసేముందు ఈ ప్రశ్నలకు జవాబు రాయించుకోండి:

కుంట ఎక్కడ? పల్లె ఇళ్ళకు, మంచినీళ్ళ చెరువుకు, బోర్లకు ఎంత దూరం? వేరే స్థలాలు ఏవి చూశారు, ఎందుకు వద్దన్నారు?

ఎన్ని కుంటలు? ఒక్క గుంత తవ్వి చేతులు దులుపుకుంటే అది శుద్ధి కాదు, నిల్వ.

పల్లె కాలువ కూడా కుంటలో కలుస్తుందా, లేక ఊరి మురుగు మాత్రమేనా?

అడుగు పొర వేస్తున్నారా? శుద్ధి అయిన నీళ్ళు ఎటు పోతాయి, ఎవరి చేలకు?

నత్రజని, భాస్వరం ఎంతకు తగ్గుతాయి? ఎవరు, ఎన్నాళ్ళకోసారి పరీక్ష చేస్తారు? ఫలితం పల్లెలో అంటిస్తారా?

బురద తీసే యంత్రం ఏది? దానికి ఏటా డబ్బు ఏ పద్దు కింద?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఇంజనీరుకు కొత్త శాస్త్రం అక్కర్లేదు. మంచు గడ్డకట్టే చోట్ల కూడా ఈ కుంటలను పనిచేయించిన పద్ధతులు పుస్తకాల్లో ఉన్నాయి, మన దగ్గర అంతకంటే సులువు. సువార్త బిందె ఎత్తి అడిగింది కూడా ఇంతే: మేము తాగే నీళ్ళలోకి మీ మురికి ఎందుకు రావాలి? నలభై ఏళ్ళ తర్వాత అదే ప్రశ్న అడగడానికి ఈసారి మన చేతిలో నీటి పరీక్ష కాగితం, కుంట నక్షా ఉండాలి.